దొంగను దాచే చెయ్యి

ప్రతి సోమవారం పిల్లలు రాకముందే మస్తానమ్మ షెడ్డు తలుపుకి లోపల గడియ పెట్టుకుని, శుభ్రంగా నడిచే బండిని పాడుచేసేది.

అదే ఆమె ఉద్యోగం. పల్నాడులో గుండ్లవారిపాడు హైస్కూల్లో ఆమె ఆటోమొబైల్ టీచరు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలూ సైన్సుతో పాటు బండి రిపేరు కూడా ఒక సబ్జెక్టుగా పెట్టిన రోజు నుంచీ బడి వెనక ఉన్న ఆ రేకుల షెడ్డు ఆమెదే. అందులో ఒక స్కూటరు, ఒక మోటారు సైకిలు, బల్ల మీద బిగించిన పాత డీజిలు ఇంజను. వాటిల్లో ఏదో ఒకదానికి వారానికో జబ్బు తెప్పించేది. పెట్రోలు ట్యాంకు మూతకి గాలాడే సన్నటి చిల్లు ఉంటుంది. దాన్ని సబ్బుముక్కతో పూడ్చేది. బండి స్టార్టవుతుంది, గ్రౌండు చుట్టూ తిరుగుతుంది, చచ్చినట్టు ఆగిపోతుంది. మూత తీసి చూసి మళ్లీ పెడితే మళ్లీ నడుస్తుంది. పిల్లలు జుట్టు పీక్కునేవాళ్లు. ఇంకో వారం ఎర్తు వైరు కింద కాస్త రంగు పూసి బిగించేది. పైకి బిగింపు బాగానే ఉంటుంది, కరెంటు మాత్రం పారదు.

ఈ పనిని ఆటో టీచర్లు దొంగను దాచడం అంటారు. ఆదివారం సాయంత్రమైతే ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, ఈ వారం నీ దొంగ ఎక్కడ అని అడిగేవాళ్లు. కొత్త దొంగ దొరికితే వంటింట్లో కొత్త పచ్చడి పట్టినంత సంబరం. దొంగను దాచడం రానివాడు మెకానిక్కు అవుతాడేమో గానీ టీచరు కాలేడని వాళ్ల గట్టి నమ్మకం. ఎవరికి ఏ దొంగ అన్నదాంట్లోనే పనితనమంతా ఉంది. ఎగిరెగిరి పడేవాడికి ముక్కు ముందే ఉండి ఏడిపించే దొంగ. భయస్తులకి చెయ్యి పెడితే చాలు దొరికిపోయే దొంగ. తొమ్మిదో తరగతిలో ఖాజాబీ అనే పిల్ల ఉంది. గుంపులో వెనక నిలబడుతుంది, స్పానరు చేతికిస్తే పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది. ఆ పిల్లకి తగిన దొంగ కోసం మస్తానమ్మ ఏడాదంతా వెతికింది. బడి తెరవగానే పెట్టాలని ఒకదాన్ని మనసులో దాచుకుని ఉంది.

ఈలోపు వేసవి శిక్షణ వచ్చిపడింది.

సర్కారు శిక్షణలంటే టీచర్లకి తెలియనివి కావు. బెజవాడ ఎండలో ఒక హాలు, తిరగని ఫ్యాన్లు, తెర మీద బాణం గుర్తులు, పొట్లంలో పులిహోర, చివర్లో అందరూ కలిసి ఫోటో. దాంతో మీ వృత్తి నైపుణ్యం పెరిగిందని సర్టిఫికెట్టు. చెప్పేవాడు జన్మలో నట్టు తిప్పి ఉండడు. ఈసారి మాత్రం హస్తకేంద్రం అని కొత్తగా కట్టిన చల్లటి భవనంలోకి తీసుకెళ్లి, ఒక్కొక్కరి ముందూ మోచేతి దాకా వచ్చే మెత్తటి తొడుగు పెట్టారు. లోపలంతా వెంట్రుకల్లాంటి తీగలు.

తొడుగుని తయారుచేసిన ప్రసూన అనే ఇంజనీరు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కుడిచేతికి తొడుక్కుని, కళ్లు మూసుకుని కూచోమంది. చేతిలో తిమ్మిరి పాకింది. చీమలు బారులు తీరి భుజం దాకా ఎక్కి దిగినట్టుంది. రోజూ అంతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిమ్మిరి. శిక్షణ ఆఖరి రోజున తొడుగు తీసేసి మస్తానమ్మ ముందు ఒక కార్బొరేటరు పెట్టారు. ఆమె పక్కన కూచున్న ప్రభుదాసుతో ఏదో మాట్లాడుతూ ఉంది. మాట పూర్తయ్యేసరికి కార్బొరేటరు ముక్కలు ముక్కలుగా బల్ల మీద వరసగా పేర్చి ఉంది. విప్పింది తన చెయ్యే. తనకి తెలియకుండా విప్పింది.

ఆరితేరిన మేస్త్రీలు ముందు ఆ తొడుగు వేసుకుని పనిచేశారట. వాళ్ల కండ ఎక్కడ బిగిసింది, ఎక్కడ సడలింది అంతా అందులో పడింది. అదంతా ఇప్పుడు టీచర్ల చేతుల్లోకి దిగింది.

ప్రభుదాసు ఏడ్చాడు. యాభై దాటిన మనిషి, సత్తెనపల్లి దగ్గర బడిలో పాఠం చెబుతాడు. వయసులో ఉండగా జాకీ జారి కుడిచేతి వేళ్లు నలిగాయి. అప్పట్నుంచీ చిన్న స్క్రూ పట్టుకోవాలంటే పిల్లల్ని పిలిచేవాడు. ఇప్పుడు ఆ వంకర వేళ్లే పెట్రోలు చిమ్మే సూదిమొనంత జెట్టుని తీసి, ఊది, మళ్లీ పెట్టాయి. మస్తానమ్మకి కూడా కళ్లు చెమర్చాయి. ఇది మాయ కాదు, మంచి పనేనని ఆమె ఆ రోజు నిజంగా అనుకుంది. డైరెక్టరు చక్రపాణి గారు వచ్చి అందరి భుజాలూ తట్టి, ఇకనుంచి మన టీచర్ల చేతుల్లో తప్పన్నది ఉండదని చెప్పినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఆమె కూడా ఉంది.

*

బడి తెరిచిన మొదటి సోమవారం షెడ్డు గడియ పెట్టుకుని, స్కూటరు ముందు కూచుని, కుడిచేతిలోకి సబ్బుముక్క తీసుకుంది. ట్యాంకు మూత చిల్లు దగ్గరకి తీసుకెళ్లింది. చెయ్యి ఆగింది. సబ్బుని కింద పెట్టింది. పక్కనున్న గుండుసూది తీసి, చిల్లులో ఉన్న పాత మురికి కూడా గోకి, మూత తుడిచి పెట్టింది.

మస్తానమ్మకి నవ్వొచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. స్క్రూ వదులు చేసింది, చెయ్యి బిగించేసింది. ప్లగ్గు వైరు లాగింది, చెయ్యి తోసేసింది. ఎడమచేత్తో లాగి చూసింది. కుడిచెయ్యి అటునుంచి వచ్చి ఎడమచేతిని పక్కకి నెట్టి, వైరుని సరిచేసింది. అత్తగారు వచ్చి కోడలి చేతిలో గరిటె లాక్కున్నట్టు. అప్పటికి నవ్వు పోయింది.

బెల్లు కొట్టారు. పిల్లలు లోపలికొచ్చి దొంగ ఎక్కడ మేడమ్ అని బండి చుట్టూ మూగారు. ఈ వారం దొంగ లేడని చెప్పి, ఇంజను విప్పి చూపిస్తానంది. చూపించింది. చెయ్యి కనపడలేదు, అంత వేగం. పిల్లలు నోళ్లు తెరిచారు. అయ్యాక వెనకనుంచి ఖాజాబీ, ఏడాదిలో మొట్టమొదటిసారి, ఒక ప్రశ్న అడిగింది.

"ఎంత బిగిస్తే చాలో మీకెట్టా తెలిసింది మేడమ్?"

అంతకుముందైతే పాత బోల్టుల డబ్బా తెచ్చి, తలా ఒకటి ఇచ్చి, చెడగొట్టండి అనేది. బిగించండి, ఇంకా బిగించండి, మర పోయేదాకా బిగించండి. ఎక్కడ పోయిందో ఆ చోటు మీ చేతికి తెలుస్తుంది, జన్మలో మర్చిపోరు. ఆమె డబ్బా తెచ్చింది. తను చేసి చూపించబోతే చెయ్యి సరిగ్గా ఆగవలసిన చోట ఆగింది. ఎందుకాగిందో ఆమెకి చెప్పలేదు. తన చేతికి తెలిసింది తనకి తెలియదు. ఇరవై ఏళ్లుగా తెలిసిందేదో ఉండేది, అది కూడా ఇప్పుడు తడిమితే దొరకడం లేదు.

ఆ మధ్యాహ్నం ఖాజాబీ ధైర్యం చేసి ప్లగ్గు బిగించడానికి ముందుకొచ్చింది. మర అడ్డంగా ఎక్కుతోంది. ఎక్కనివ్వాలి. గట్టిపడి ఆగిపోతుంది, అప్పుడు ఆ పిల్ల తీసి చూసుకుంటుంది, అదే చదువు. మస్తానమ్మకి అంతా తెలుసు. అయినా ఆమె చెయ్యి ఆ పిల్ల వేళ్ల మధ్యనుంచి స్పానరు ఊడలాక్కుని ప్లగ్గుని నిటారుగా బిగించింది. ఖాజాబీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆ వారమంతా అట్లాగే పెట్టుకుని నిలబడింది.

*

ఇంట్లో మొదట పండగలా ఉండేది. కారే కొళాయి కారడం మానింది. కుక్కరు పిడి ఊగడం మానింది. మొగుడు సైదులు ఆటో నడుపుతాడు. ఆ ఆటోకి ఒక దగ్గు ఉండేది, వీధి చివర్నుంచే సైదులు వస్తున్నాడని తెలిసేది. ఒక ఆదివారం మస్తానమ్మ దాని పక్కనుంచి వెళుతుంటే చెయ్యి ఆగి, లోపలికి దూరి, ఆ దగ్గుని తీసేసింది. తర్వాత రోజుల్లో మామూలుగా ఎక్కే ముసలమ్మలు వేరే ఆటోలు ఎక్కి పోవడం మొదలుపెట్టారు. వాళ్లు చూపు ఆనక చెవితో బండిని పట్టుకునేవాళ్లు. సైదులు కోప్పడలేదు. మా ఆవిడ నా బండిని మూగదాన్ని చేసింది, ఇక మిగిలింది నేనే అని స్టాండులో చెప్పుకుని నవ్వించాడు. ఇంటికొచ్చి మాత్రం, ఆమె అన్నం వడ్డిస్తుంటే ఆ చెయ్యివంకే చూసేవాడు.

కూతురు జోషిత ఏడో తరగతి. సైకిలు చెయిను ఊడితే ఎవర్నీ పిలవకుండా వాకిట్లో కూచుని, చేతులు మసి చేసుకుని, నాలుక బయటపెట్టి తంటాలు పడుతోంది. పళ్ల చక్రం మీదికి సగం ఎక్కించింది. ఇంకొంచెం తిప్పితే పడుతుంది. మస్తానమ్మ గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. వద్దు వద్దనుకుంటూనే ఉంది. కాళ్లు నడిచాయి, కూతురి భుజం మీదనుంచి చెయ్యి వచ్చింది, చెయిను పడింది.

జోషిత లేచి నిలబడి చేతులు గౌనుకి తుడుచుకుంది. "ఇంకెప్పుడూ నన్ను నేర్చుకోమని చెప్పబాక. నువ్వే చేసుకో."

మస్తానమ్మ ఆ రోజు తన కుడిచేతిని ఎడమచేత్తో కొట్టింది. వాతలు తేలేట్టు కొట్టింది. సైదులు వచ్చి పట్టుకున్నాడు. ఏం చేద్దామనుకుంటన్నావు అని అడిగాడు. కట్టేస్తా, అంది.

అన్నట్టే కట్టేసింది. మర్నాడు బడికి పాత సైకిలు ట్యూబు తీసుకెళ్లి, కుడిచేతిని బల్లకి బిగించి ఉన్న ఇనప పట్టకారు లాంటి వైసుకి చుట్టలు చుట్టి, కొసని పళ్లతో లాగి ముడేసింది. మోటారు సైకిల్ని దగ్గరకి లాక్కుని ఎడమచేత్తో దొంగను దాచింది. కుడిచెయ్యి ట్యూబులో గిలగిల కొట్టుకుంది, మణికట్టు ఒరుసుకుపోయింది. ఎడమచెయ్యి మొద్దుది, దానికి స్పానరు పట్టడమే సరిగా రాదు. అయినా దాచింది. పిల్లలొచ్చి ఆమెని ఆ వాలకంలో చూసి భయపడ్డారు. ఈ చెయ్యి మీ చదువుని మింగుతోంది, అందుకే దీన్ని అరెస్టు చేశానని చెప్పింది. పిల్లలు పగలబడి నవ్వి, బండి మీద పడ్డారు. అరగంటలో దొంగ దొరికాడు.

ఎవరో ఫోటో తీశారు. అది ఆటో టీచర్ల ఫోన్లన్నీ తిరిగింది. ఒక్కరూ ఎగతాళి చెయ్యలేదు. మాదీ ఇదే గతి అని ఒకరి తర్వాత ఒకరు రాశారు. ఆ ఫోటో హస్తకేంద్రానికి కూడా చేరింది. రమ్మని కబురొచ్చింది.

*

డైరెక్టరు గదిలో చక్రపాణి గారు, ప్రసూన, మస్తానమ్మ. తోడుగా ప్రభుదాసు వచ్చాడు, తలుపు పక్కన కుర్చీలో కూచున్నాడు. చక్రపాణి గారు మొదట మెచ్చుకున్నారు, తర్వాత మందలించారు. ప్రభుత్వం ఇంత ఖర్చుపెట్టి ఇచ్చిన చేతిని సైకిలు ట్యూబుతో కట్టడం ఏం మర్యాదన్నారు. బండిని పాడుచెయ్యడం ఏం పాఠం అన్నారు. దసరా సెలవుల్లో టీచర్లందరికీ ఎడమచేతికి కూడా తొడుగు వేస్తామనీ, ఆపైన నేరుగా పిల్లలకే వేస్తామనీ, అప్పుడీ తంటా ఉండదనీ చెప్పారు.

మస్తానమ్మ ఆయన్ని వదిలేసి ప్రసూన వైపు తిరిగింది. ఆ మేస్త్రీలు కూడా మనుషులేగా, వాళ్ల చేతులు ఎప్పుడూ జారలేదా, తొడుగులో ఆ జారుళ్లన్నీ ఏమైనాయని అడిగింది.

ప్రసూన మొహంలో నిద్ర చాలని అలసట ఉంది. "మేం ఉంచాం మేడమ్," అంది. "జారడాలు, తడబడటాలు, మళ్లీ సర్దుకోవడాలు అన్నీ ఉన్నాయి మొదటి రికార్డుల్లో. నిరుటి వేసవిలో మిమ్మల్నే పిలిచి, దేనికో చెప్పకుండా తెర మీద చూపించాం. సరిచూడమన్నాం. మీరే ఎర్రగీతలు పెట్టి కొట్టేశారు."

నిజమే. మస్తానమ్మకి ఆ హాలు కళ్లకి కట్టింది. టీచర్లు కదా. ఏది ముందు పెట్టినా దిద్దడమే తెలుసు. తెర మీద మేస్త్రీ చెయ్యి జారినప్పుడల్లా తప్పు తప్పు అని మీటలు నొక్కారు. ఎవరు ఎక్కువ తప్పులు పట్టారో చూసుకుని పందెం కూడా వేసుకున్నారు. ఆ పందెం గెలిచింది తనే. నేర్చుకున్న జాడలన్నీ వాళ్లే వెతికి వెతికి చెరిపేశారు. మిగిలిన నున్నటి పనితనాన్ని వాళ్ల చేతుల్లోకే ఎక్కించుకున్నారు. బాధ్యత తమదీ ఉందని ఆమె పైకే అంది. అంత మాత్రాన ఊరుకునేది లేదని కూడా అంది.

అప్పుడు చక్రపాణి గారు ముందుకు వంగి, గొంతు మెత్తబరిచి, ఒక దారి చెప్పారు. మస్తానమ్మ ఎడమచెయ్యి ఇంకా స్వచ్ఛంగా ఉంది. దొంగను దాచడంలో ఆమెకి పేరుంది. ఆ ఎడమచేతికి తొడుగు వేసి, ఆమె దాచే దొంగలన్నిటినీ రికార్డు చేస్తారు. ఆ తొడుగు రాష్ట్రంలో ప్రతి బడికీ పోతుంది. దాని మీద ఆమె పేరు ఉంటుంది. ఉద్యోగం పర్మినెంటు చేస్తారు. ప్రభుదాసు కుర్చీలో కదిలాడు. ఏళ్ల తరబడి ఏటికేడు కాంట్రాక్టు మీద బతుకుతున్న మనుషులు వాళ్లు, ఆ మాట ఎంత బరువుదో గదిలో ఇద్దరికే తెలుసు.

మస్తానమ్మ ఆలోచించలేదని చెబితే అబద్ధం. సైదులు మొహం గుర్తొచ్చింది. జోషిత పైచదువు గుర్తొచ్చింది. ఆ తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ ఖాజాబీ గుర్తొచ్చింది.

"సార్, నేను ముందు పిల్లని చూస్తా. ఆ పిల్ల పొద్దున ఏం తిన్నదో, నిన్న ఎవరిచేత తిట్టు తిన్నదో, దేనికి భయపడుద్దో చూస్తా. అప్పుడు దొంగని పెడతా. మీరు నా చేతిని పట్టుకుపోతారు, ఆ పిల్లనెట్టా పట్టుకుపోతారు? రాష్ట్రమంతా ఒకే చోట ఒకే దొంగ ఉంటే రెండో వారానికి పిల్లకాయలు కళ్లు మూసుకుని పట్టుకుంటారు. అది దొంగ కాదు, పటం."

చక్రపాణి గారు గడియారం చూసుకున్నారు. పిల్లలకే తొడుగు వచ్చాక ఇవన్నీ అవసరం ఉండవన్నారు.

"అవసరం ఉండదని మీరంటన్నారు. రేపు మీ తొడుగులో లేని బండి వస్తది. అప్పుడు ఆ చేతులు ఎవర్ని అడగాల? తప్పు చేసే హక్కు పిల్లలది. అది మీరిచ్చింది కాదు, మీరు తీసుకోటానికి." ఆమె లేచి నిలబడి, ట్యూబు గాట్లు పడ్డ చేతిని బల్ల మీద పెట్టింది. "దీన్ని చెరిపెయ్యండి."

ప్రసూన చప్పున లేచి, చెరపడం కుదురుతుంది గానీ వద్దని బతిమాలింది. గోడకి కొట్టే సున్నంలో నీలిమందు కలిపాక నీలిమందొక్కటే తీసెయ్యలేం కదా మేడమ్ అంది. మేస్త్రీల పనితో పాటు మీ ఇరవై ఏళ్ల పనీ పోతుంది. రాత పోతుంది. అన్నం కలుపుకోవడం పోతుంది. పసిపిల్ల చెయ్యిలాగా మిగులుతుంది. మెల్లిగా మళ్లీ నేర్చుకుంటుందేమో, ఎంత నేర్చుకుంటుందో చెప్పలేను. పైగా ఒకసారి చెరిపిన చెయ్యి ఇక తొడుగు పట్టదు, ఎన్నిసార్లు వేసినా ఎక్కదు.

"ఇక తొడుగు పట్టదా?" అని మస్తానమ్మ మళ్లీ అడిగింది.

పట్టదని ప్రసూన తల ఊపింది.

"అదే కావాల నాకు."

తొడుగు లేని చెయ్యి టీచరుగా చెల్లదని చక్రపాణి గారు చెప్పేశారు. ఆ మాట పూర్తికాక ముందే ఆమె లోపలి గదిలోకి నడిచింది. తలుపు దగ్గర ప్రభుదాసు ఆపాడు. తన వంకర వేళ్లు చూపించాడు. నాకు ఇవి తిరిగొచ్చాయి చెల్లెమ్మా, నేను నీతో పాటు రాలేను, నన్ను పిరికివాడని అనుకోబాక అన్నాడు. ఆమె ఆ వేళ్లని తన ఎడమచేత్తో పట్టుకుంది. నీ చెయ్యి నీదన్నా, ఉంచుకో, ఎవరడిగినా ఇయ్యబాక అంది.

చెరపడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఈసారి చీమలు పాకలేదు. నీళ్లతొట్టి బిరడా తీసినట్టు భుజం నుంచి వేళ్ల దాకా ఏదో జారిపోయింది. తొడుగు తీసేసరికి బల్ల మీద ఒక చెయ్యి పడుంది. గుప్పిట మూయమంటే చూపుడువేలు లేచింది. ప్రసూన నీళ్లగ్లాసు అందిస్తే పట్టుకోబోయి వదిలేసింది. గ్లాసు పగిలింది. ప్రసూన కింద కూచుని పెంకులు ఏరుతూ, తల ఎత్తకుండా, క్షమించమంది. గ్లాసు పగలగొట్టింది నేను కదమ్మా, అంది మస్తానమ్మ.

*

ఉద్యోగం పోయింది. కాంట్రాక్టు మధ్యలోనే తెంపేశారు. ఇంట్లో సైదులు అన్నం కలిపి ముద్దలు పెట్టబోతే ఒప్పుకోలేదు, కుడిచేత్తోనే కలుపుకుని సగం ఒళ్లో పోసుకుని తింది. జోషిత పలకా బలపం తెచ్చి, తల్లి పక్కన కూచుని, అ ఆలు దిద్దించింది. వంకరగా రాస్తే ఊరుకునేది, చెరిపెయ్యనిచ్చేది కాదు. నువ్వు చాలా అల్లరిదానివి అనేది తల్లిని. సైదులుకి కూడా హుషారొచ్చింది. బండిలో దగ్గు మళ్లీ తెప్పించమన్నాడు. మస్తానమ్మ ఆ చెయ్యి లోపల పెట్టి తిప్పింది. దగ్గు రాలేదు గానీ ఆటో ఈలవేయడం మొదలుపెట్టింది. ముసలమ్మలు ఈలని గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

దసరా అయ్యాక ప్రభుదాసు ఫోన్ చేశాడు. ఇప్పుడు రెండు చేతులూ తొడుగువే. బళ్లన్నీ అద్దంలా ఉన్నాయి. పిల్లలు వచ్చి, చూసి, కూచుని, పోతున్నారు. ఒక్కరు కూడా స్పానరు ముట్టుకోవడం లేదు. నాకు దొంగ కావాల చెల్లెమ్మా, ఒక్కసారి వచ్చి దాచిపో అన్నాడు.

ఆమె బస్సెక్కి వెళ్లింది. హెడ్మాస్టరుకి తన చుట్టమని పరిచయం చేసి, ప్రభుదాసు ఆమెని షెడ్డులోకి పంపి, తను వెళ్లి చింతచెట్టు కింద బండకేసి వీపు ఆనించుకుని కూచున్నాడు. లోపలుంటే చేతులు ఊరుకోవని అతని భయం. పని అయ్యాక కూడా లోపలికి రాలేదు. పిల్లలు దొంగను పట్టి కేకలు పెట్టినప్పుడు, అక్కడే కూచుని తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

ఆ మాట పాకింది. నరసరావుపేట, వినుకొండ, మాచర్ల, ఎక్కడెక్కడి టీచర్లో పిలిచారు. తప్పు చెయ్యలేని చేతులు పెట్టుకుని, ఏ తోవా దొరక్క, తలుపు వెనకనుంచి పిలిచారు. కొందరు హెడ్మాస్టర్లు చూసీ చూడనట్టున్నారు, ఒకరిద్దరు టీ కూడా తెప్పించారు. చక్రపాణి గారు బయటివాళ్లని షెడ్డుల్లోకి రానివ్వద్దని ఉత్తర్వు పంపారు. పోలీసు కంప్లయింటు పెడతామన్నారు. పెట్టుకోమంది. బాగున్న బండిని పాడుచేసింది, పిల్లలు బాగుచేశారు, దీనికి ఏం సెక్షను ఉందో నాకూ తెలుసుకోవాలని ఉందని జవాబు రాయించింది. రాసింది జోషిత. సంతకం మాత్రం ఆమె తనే పెట్టింది, కాగితం సగం పట్టింది.

మాఘమాసంలో గుండ్లవారిపాడు నుంచే పిలుపొచ్చింది. ఆమె స్థానంలో వచ్చిన కుర్ర టీచరు రెండు తొడుగులూ పడ్డవాడు. ఫోన్లో మేడమ్ అనకుండా అమ్మా అన్నాడు.

తన షెడ్డులోకి తనే చుట్టపుచూపుగా వెళ్లింది. గడియ పెట్టలేదు. డీజిలు ఇంజను ముందు కూచుంది. ఇన్ని బళ్లలోనూ ఎడమచేత్తోనే దాచింది, దాచే ముందు ఆలోచించి దాచింది. ఈ రోజు కుడిచెయ్యి తీసింది. ఇంకా స్పానరు సరిగా పట్టలేని, పట్టినా ఎటు తిరుగుతుందో తెలియని చెయ్యి. ఇంజనుని చక్కగా సర్వీసు చేద్దామని, నిజంగా బాగు చేద్దామనే మొదలుపెట్టింది. పైపులు విప్పింది, తుడిచింది, మళ్లీ బిగించింది. మధ్యలో ఏదో జారింది. ఏదో మిగిలిపోయింది. ఏదో తిరగబడింది. హ్యాండిలు తిప్పి చూసింది. ఇంజను ఉలకలేదు, పలకలేదు.

బెల్లు కొట్టారు. పిల్లలొచ్చారు. ఖాజాబీ కూడా వచ్చింది, పదో తరగతి ఇప్పుడు, వెనక వరసలోనే ఉంది. కిటికీ అవతల కుర్ర టీచరు రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. పిల్లలు ఇంజను చుట్టూ చేరి హ్యాండిలు తిప్పారు, పైపులు పట్టుకు చూశారు, ఒకడు చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు వెతికారు. ఒకరి తర్వాత ఒకరు అలసిపోయి వెనక్కి జరిగారు. వాళ్లు జరగ్గా జరగ్గా ఖాజాబీ ముందుకొచ్చి పడింది. ఇంజను వైపు చూసింది, మస్తానమ్మ వైపు చూసింది.

"ఒక్క గుర్తు చెప్పండి మేడమ్."

"నాకు తెలిస్తే గదా చెప్పేది," అంది మస్తానమ్మ, చీర కొంగు బొడ్లో దోపుకుంటూ. "ఈసారి దొంగ ఎక్కడ దూరాడో నాకూ తెలీదే పిల్లా. కాస్త జరుగు, నేనూ వెతకాల."